మా బియర్డెడ్ డ్రాగన్‌ది నీటి కొరతేనా, లోపల మరేదైనా జబ్బా?

మేము డాలస్‌లో ఉంటున్నాము. మా అబ్బాయి పట్టుబట్టి తెచ్చుకున్న మూడేళ్ల బియర్డెడ్ డ్రాగన్ (మా అమ్మగారి మాటల్లో గడ్డం తొండ) ఐదు రోజులుగా పురుగులను గాని ఆకుకూరలను గాని ముట్టడం లేదు. దాని కళ్లు లోతుకు పోయాయి, పక్క చర్మాన్ని మెల్లగా పట్టి వదిలితే ముడత కాసేపు అలాగే నిలుస్తోంది, రెట్టలో తెల్లగా మెత్తగా ఉండవలసిన భాగం పసుపురంగు సుద్దముక్కలా గట్టిపడి వస్తోంది.

వెచ్చదనం కాచుకునే చోట 40 డిగ్రీల సెల్సియస్, చల్లని వైపు 27 డిగ్రీలు ఉంటున్నాయి. అయితే అతినీలలోహిత దీపం మార్చి ఏడాది దాటింది. వెలుగుతోంది కదా అని ఊరుకోవడం నా పొరపాటే. రోజూ పావుగంట సేపు, భుజాల ఎత్తు దాటని గోరువెచ్చని నీటిలో ఉంచుతున్నాను. మూతి మీద చుక్కలు వేస్తే నాకుతోంది గాని, ఊపిరితిత్తుల్లోకి పోతుందేమోనన్న భయంతో బలవంతంగా పోయలేదు.

సరీసృపాల వైద్యుడి వద్ద నాలుగు రోజుల తరువాతే సమయం దొరికింది. అంతవరకు ఆగవచ్చా, లేక ఈ రాత్రే అత్యవసర చికిత్సకు తీసుకువెళ్లాలా? పరాన్నజీవుల పరీక్షకు రెట్ట నమూనాను ఎలా భద్రపరచాలి? వీటిని పెంచిన అనుభవమున్నవారు దయచేసి తెలుపగలరు.