ఆంథాలజీ అంటే సంకలనమా, సంపుటా?

ప్రశ్న (చిక్కడపల్లి చదువరి):
మా కాలనీలో నెలకోసారి కలిసే పాఠకుల బృందం ఈ ఏడాది పదకొండు మంది రాసిన కథలను ఒక పుస్తకంగా వేస్తున్నది. నిన్న చేతికందిన ప్రూఫులో అట్ట మీద ‘కథా సంకలనం’ అనీ, లోపలి పేజీలో ‘కథల సంపుటి’ అనీ ఉన్నది. ఏది ఉంచుదామని అడిగితే ఒకరు ‘ఆంథాలజీ’ అని వేసేస్తే గొడవే ఉండదన్నారు, మరొకరు అది బయాలజీ, జువాలజీల లాగా ఏదో శాస్త్రం పేరులా ఉందని నవ్వారు. ఇంతకీ ఆ మాట చివర ఉన్న ‘లజీ’ శాస్త్రమేనా? తెలుగులో దానికి సరైన మాట ఏది?

నల్లకుంట పాఠకురాలు:
శాస్త్రం కాదండీ. గ్రీకులో ‘ఆంథోస్’ అంటే పువ్వు. మన చామంతికి ఇంగ్లీషు పేరైన క్రిసాంథిమమ్‌లో ఉన్నదీ ఆ పువ్వే, దాని అర్థం ‘బంగారు పువ్వు’. ‘లెగీన్’ అనే క్రియకు ఏరడమనీ, చెప్పడమనీ రెండు అర్థాలున్నాయి. బయాలజీలోని ‘లజీ’ చెప్పడం వైపు నుంచి వచ్చింది, ఆంథాలజీలోనిది ఏరడం వైపు నుంచి వచ్చింది. కాబట్టి ‘ఆంథోలోగియా’ అంటే పూలు ఏరడం, అంతే. లాటిన్ వాళ్ల ‘ఫ్లోరిలేజియం’ కూడా ఇదే అచ్చులో పోసిన మాట.

క్రీస్తుపూర్వం 1వ శతాబ్దంలో, నేటి జోర్డాన్‌లో ఉన్న గదారాలో పుట్టిన మెలియాగర్ అనే కవి, తనకు ముందున్న కవుల చిన్న పద్యాలను ఏరి ఒకచోట కూర్చి దానికి ‘స్తెఫనోస్’, అంటే పూలదండ, అని పేరు పెట్టాడు. పీఠికగా రాసిన పద్యంలో ఒక్కొక్క కవినీ ఒక్కొక్క పువ్వుతోనో మొక్కతోనో పోలుస్తూ, శాఫో దగ్గరికి వచ్చేసరికి ఆమెవి కొన్నే అయినా గులాబీలన్నాడు. ఒక సంపాదకుడు ఒక కవయిత్రి గురించి అంత తక్కువ మాటల్లో అంత చెప్పడం నేను మరెక్కడా చూడలేదు. దండ అనే ఊహ ఆయనదే అయినా, ఇటువంటి పుస్తకాలకు పూలు ఏరడమనే పేరు స్థిరపడింది తర్వాతి కాలంలో. ఇంగ్లీషులోకి ఆ మాట 17వ శతాబ్దంలో వచ్చింది.

గుడిమల్కాపూర్ వాసి:
పై సమాధానం చదివాక మన మాటలను కూడా విప్పి చూడాలనిపించింది. సంపుటమంటే భరిణె, కాబట్టి సంపుటి అన్నప్పుడు మన దృష్టి లోపలి వాటిని పట్టి ఉంచే పాత్ర మీద ఉంటుంది. సంకలనమంటే కూడిక, బడిలో సంకలనం, వ్యవకలనం అని చదువుకున్నదే. వాడుకలో మాత్రం ఒకే రచయితవైతే సంపుటి, పలువురివైతే సంకలనం అనే తేడా బాగా నిలబడింది కనుక మీ అట్ట సరిగానే ఉంది, లోపలి పేజీయే దిద్దాలి.

కానీ రెండింటిలోనూ పువ్వూ లేదు, ఏరడమూ లేదు. ఆ ఏరడం ‘పుష్పచయనం’లోని చయనంలో ఉంది, సంచయం దాని చుట్టమే. ఇంకా దగ్గరి మాట కావాలంటే మా పూల మార్కెట్టుకు రండి. మల్లె, కనకాంబరం, మధ్యమధ్య మరువం, దవనం పెట్టి, ఏ రంగు పక్కన ఏ రంగు రావాలో చూపు తిప్పకుండానే చేత్తో ఎంచుకుంటూ కట్టి, మూర లెక్కన అమ్మే దండను కదంబం అంటారు. మెలియాగర్ చేసింది అదే పని. నన్నడిగితే ‘కథా కదంబం’ అని వేయమంటాను.

బర్కత్‌పురా పాఠకుడు:
మాట అందంగా ఉంది కానీ ఒప్పుకోలేను. పత్రికల పుణ్యమా అని నేడు కదంబమంటే అన్నీ కలగలిపిన శీర్షిక అనే స్ఫురిస్తుంది, ఎంపిక అన్న భావం మిగలలేదు. పూల పేరే కావాలంటే మన ఊళ్లో ఉర్దూ వారి ‘గుల్‌దస్తా’ ఉండనే ఉంది, పలువురి గజళ్లను కలిపి వేసిన పత్రికలకు 19వ శతాబ్దంలో అదే పేరు.

ఏరడమే ప్రాణమైన పుస్తకాలు మనకు పాతవే. హాలుడి ప్రాకృత గాథాసప్తశతిలోనే, కోటి గాథల్లోంచి ఏడు వందలు ఏరినట్టు చెప్పే గాథ ఉంది. తెలుగులో మడికి సింగన పూర్వ గ్రంథాల నుంచి నీతి పద్యాలను ఏరి ‘సకలనీతిసమ్మతము’ కూర్చాడు. దీనికి ఎదురుగా, తెలంగాణలో తెలుగు కవులే లేరన్న మాటకు జవాబుగా సురవరం ప్రతాపరెడ్డి 1934లో ‘గోలకొండ కవుల సంచిక’ తెచ్చి, అందులో 354 మంది కవులను చూపించారు. అక్కడ ఏరివేత కన్నా చేర్చడమే ముఖ్యం, ఎందుకంటే ఆ వాదానికి సంఖ్యే జవాబు. ఒకటి పూలదండ, ఒకటి హాజరు పట్టిక. రెండింటినీ మనం సంకలనమనే అంటున్నాం. మీ పుస్తకంలో ఎవరు ఏరారో చెబితే పేరు సంగతి తేల్చవచ్చు.

చిక్కడపల్లి చదువరి:
అందరికీ కృతజ్ఞతలు. నిజం చెప్పాలంటే ఎవరమూ ఏరలేదు, పదకొండు మందీ తలా ఒక కథ ఇచ్చారు, పదకొండూ వేశాం. కనుక కూడిక అన్న అర్థంలోనే ‘సంకలనం’ ఉంచి, లోపలి పేజీని అందుకు తగ్గట్టు దిద్ది, ‘సంపాదకుడు’ అన్న చోట ఉన్న నా పేరు తీసేసి ప్రూఫు ప్రెస్సుకు పంపుతున్నాను.