అద్దాల మీద తెల్ల చుక్కలు: స్ప్రే లేకుండా పోతాయా?

కొండాపూర్ కోడలు:
అందరికీ నమస్కారం. పోయిన నెలే ఈ ఫ్లాట్‌లోకి మారాం. పక్కనే కొత్త టవర్ కడుతున్నారు. పొద్దున తుడిస్తే సాయంత్రానికి కిటికీ మీద వేలితో పేరు రాయొచ్చు. దుమ్ము సరే, ఎలాగో తుడుస్తాం. బాత్‌రూమ్ అద్దం మీదా, షవర్ గాజు తలుపు మీదా తెల్ల చుక్కలు పేరుకున్నాయి, ఎంత రుద్దినా కదలవు. దుకాణంలో దొరికే స్ప్రే కొడితే మా చిన్నోడికి ఒకటే తుమ్ములు. ఇంట్లో ఉన్నవాటితో అయ్యే పని ఏదైనా ఉంటే చెప్పండి.

నల్లకుంట తాతయ్య:
అమ్మా, స్ప్రేలు రాకముందు కూడా మన ఇళ్లల్లో అద్దాలు ఉన్నాయి. తడిపిన పాత పేపర్‌తో ఒకసారి, పొడి పేపర్‌తో ఇంకోసారి. అంతే. ఎండ పడుతున్నప్పుడు మాత్రం కిటికీ జోలికి వెళ్లొద్దు. మనం తుడిచేలోపే తడి ఆరిపోయి చారలు మిగులుతాయి. పడమటి కిటికీలు పొద్దున, తూర్పువి సాయంత్రం.

మియాపూర్ మామూలోడు:
తాతయ్య గారూ, పేపర్ గాజుకి బాగానే ఉంటుంది. మా కిటికీల తెల్ల యూపీవీసీ ప్లాస్టిక్ ఫ్రేములకి సిరా అంటుకుంది, దాన్ని వదిలించడానికి ఇంకో ఆదివారం పోయింది. పైగా మా ఇంట్లో పేపర్ మానేసి మూడేళ్లు. నా ఓటు పాత నూలు పంచెకి. ఉతికి ఉతికి మెత్తబడిన బట్ట అయితే నీళ్లు బాగా పీలుస్తుంది, నూగు వదలదు. ఆ బట్టని ఉతికేటప్పుడు సువాసన లిక్విడ్ వేయకండి, ఆ జిడ్డంతా అద్దానికి పడుతుంది.

బోరు బాధితుడు:
కోడలు గారూ, ఆ చుక్కలు మురికి కాదండీ. నీళ్లలో ఉండే కాల్షియం, మెగ్నీషియం. నీటి చుక్క ఆరిపోతే సున్నం లాంటిది గాజు మీదే ఉండిపోతుంది. సబ్బుకి అది లొంగదు, ఆ నీళ్లలో సబ్బు రుద్దితే పైన తెట్టు కూడా కడుతుంది. దానికి పులుపే మందు. తెల్ల వెనిగర్, నీళ్లు సగం సగం కలిపి, బట్ట తడిపి అద్దానికి అంటించి పావుగంట వదిలేయండి. వెనిగర్ వాసన పడకపోతే గ్లాసు గోరువెచ్చని నీళ్లలో చెంచా నిమ్మ ఉప్పు. ఇంతకీ మీకు మంజీరా నల్లా నీళ్లా, బోరా?

కొండాపూర్ కోడలు:
బోరే అండీ, ఎండాకాలం ట్యాంకర్. వెనిగర్‌లో వంటసోడా కలిపితే ఇంకా బాగా పనిచేస్తుందని ఒక వీడియోలో చూశాను, నిజమేనా?

బోరు బాధితుడు:
నురగ వస్తుంది, చూడ్డానికి బాగుంటుంది. కానీ ఆ రెండూ ఒకదాన్నొకటి చంపేసుకుంటాయి. పులుపూ మిగలదు, సోడా పనీ జరగదు. ఇంకో మాట, బాత్‌రూమ్‌లో బ్లీచింగ్ వాడే అలవాటు ఉంటే ఆ రోజు వెనిగర్ ముట్టుకోకండి. రెండూ కలిస్తే క్లోరిన్ గ్యాస్ వస్తుంది. ఇది సరదా విషయం కాదు.

తార్నాక అక్క:
వెనిగర్ అనగానే నా గుండె గుభేల్‌మంది. మా కిటికీ గట్లకి తాండూరు బండ వేయించాం. గాజు మీద వెనిగర్ తెగ స్ప్రే చేసి, కాసేపు నాననీ అని టీ పెట్టుకోవడానికి వెళ్లాను. గట్టు మీదకి కారింది. తిరిగొచ్చి చూస్తే నున్నటి బండ మీద గరుకు మచ్చలు! అద్దం మీద సున్నాన్ని కరిగించేది బండలోని సున్నాన్ని వదులుతుందా మరి? షాబాద్ బండ, కడప బండ, మార్బుల్, అన్నింటికీ ఇదే గతి. గ్రానైట్‌కి అంత భయం లేదు. అందుకే స్ప్రే వద్దు, బట్ట మీద పోసుకుని రుద్దండి. కింద పాత టవల్ పరవండి. అద్దం అంచుల్లోకి కూడా తడి దిగనివ్వకండి. వెనక పూత దెబ్బతిని నల్ల మచ్చలు వస్తాయి, అవి ఇక దేనికీ పోవు.

మలక్‌పేట్ మంజరి:
వంటింటి కిటికీకి వెనిగర్ దండగ. అక్కడ ఉండేది పోపు జిడ్డు కదా. నాలుగైదు కుంకుడుకాయలు నానబెట్టి పిసికి, వడకట్టిన రసంతో తుడవండి. మస్తు పోతది. తర్వాత మంచినీళ్లతో తప్పకుండా కడగాలి, లేకపోతే మసక మిగులుతుంది. కళ్లలో పడితే మంట, జాగ్రత్త.

మణికొండ మనిషి:
మా ఇంట్లో ఫిల్టర్ నుంచి పారబోసే నీళ్లు బకెట్లలో పడతాం. నీళ్లు వృథా కావు, అద్దాలకి అవే వాడొచ్చు కదా?

బోరు బాధితుడు:
అయ్యో, అద్దాలకి మాత్రం వద్దు! ఫిల్టర్ వడకట్టి వదిలేసిన ఉప్పులన్నీ ఆ నీళ్లలోనే ఉంటాయి. నేల తుడవండి, బాత్‌రూమ్‌లో పోయండి. అద్దాలకి ఏసీ పైపు నుంచి కారే నీళ్లు పట్టుకోండి. గాలిలో తేమే చల్లబడి నీరైంది కాబట్టి అందులో ఉప్పులు దాదాపు ఉండవు. ఎలా తుడిచినా చివరిసారి ఆ నీళ్లతో కడిగి పొడిబట్ట వేస్తే చుక్క మిగలదు. గాలి పొడిగా ఉండే ఏప్రిల్, మే నెలల్లో తక్కువ కారుతాయి, ఉక్కగా ఉన్న రోజుల్లో దండిగా. తాగడానికి మాత్రం పనికిరావు. వానలు పడ్డాక అద్దాలకి వాన నీళ్లు కూడా సరిపోతాయి.

నల్లకుంట తాతయ్య:
నీ మాట బాగుంది నాయనా. మా బాల్కనీలో ఇన్నాళ్లూ కుండీల్లోకే పోతున్నాయి ఆ నీళ్లు.

కొండాపూర్ కోడలు:
ఆదివారం పని అయింది, వచ్చి చెబుతున్నా. బాత్‌రూమ్ అద్దం రెండో విడతకి తేటగా అయింది. నిమ్మ ఉప్పే వాడాను, గట్టు మీద టవల్ పరిచి. షవర్ తలుపు పైభాగంలో చుక్కలు పోయాయి, కింద కొన్ని ఉండిపోయాయి.

బోరు బాధితుడు:
ఇంకో రెండుసార్లు ప్రయత్నించండి. అప్పటికీ పోకపోతే ఆ ఉప్పు గాజునే తినేసి ఉంటుంది, ఇక వదిలేయండి. ఇకపై స్నానం అయ్యాక వైపర్‌తో ఒక్కసారి నీళ్లు కిందికి లాగేయండి.

కొండాపూర్ కోడలు:
సరేనండీ. ఇంకో చిన్న సందేహం. బెడ్‌రూమ్ అద్దం మీద మా అత్తయ్యగారి బొట్టుబిళ్లలు అంటించి ఉన్నాయి, లెక్కపెడితే ఇరవై మూడు. గోరుతో తీస్తే జిగురు మిగులుతోంది.

మలక్‌పేట్ మంజరి:
కొబ్బరినూనె రాసి పది నిమిషాలు ఆగండి, బట్టతో లాగితే వచ్చేస్తుంది. నూనె జిడ్డుకి మళ్లీ కుంకుడు రసమే.

కొండాపూర్ కోడలు:
పోయాయి అక్కా! అద్దం తళతళలాడుతోంది. అత్తయ్య వచ్చి చూసి, "నా బొట్టుబిళ్లలు ఏవే, అందులో సగం ఇంకా పనికొచ్చేవి" అన్నారు.