గుడ్లు, నూనె మానేసి మూడు నెలలైంది: ఎల్‌డీఎల్ కదల్లేదు, హిమోగ్లోబిన్ మాత్రం తగ్గింది

ప్రశ్న: సాయంకాలం

అందరికీ నమస్కారం. నేను స్త్రీని, నా వయసు 44 సంవత్సరాలు. పొగ తాగే అలవాటు లేదు, రక్తపోటు, చక్కెర మామూలుగానే ఉన్నాయి. మూడు నెలల క్రితం చేయించుకున్న రక్తపరీక్షలో మొత్తం కొలెస్ట్రాల్ 232, హెచ్‌డీఎల్ (‘మంచి’ కొలెస్ట్రాల్) 42, ట్రైగ్లిజరైడ్లు (రక్తంలో తిరిగే కొవ్వు) 160, ఎల్‌డీఎల్ (‘చెడు’ కొలెస్ట్రాల్) 158 అని వచ్చాయి. ఇవన్నీ డెసిలీటరుకు మిల్లీగ్రాముల లెక్క. హిమోగ్లోబిన్ 11.8. మందుల అవసరం ఇప్పుడే లేదనీ, ఆహారం సరిచేసుకుని మూడు నెలల తర్వాత మళ్లీ పరీక్షతో రమ్మనీ వైద్యురాలు చెప్పారు.

ఆహారం సరిచేసుకోవడమంటే కొవ్వు మానేయడమేనని నేను అనుకున్నాను. ఆ రోజు నుంచి గుడ్డు ముట్టలేదు, బాదం, వాల్‌నట్ వంటివి పూర్తిగా మానేశాను, వంటలో నూనె దాదాపు లేకుండా చేసుకున్నాను. ఉదయం జామ్ రాసుకున్న తెల్ల బ్రెడ్డు, పెద్ద గ్లాసుడు పండ్లరసం. మధ్యాహ్నం ఉడికించిన కూరగాయలతో తెల్ల అన్నం. సాయంత్రం ‘కొవ్వు లేనివి’ అని అట్ట మీద రాసి ఉన్న బిస్కెట్లు. వీటికి తోడు తిన్న ప్రతిసారీ, చేయి కడుక్కున్న వెంటనే ఒక కప్పు టీ, పంచదార లేకుండా, చిక్కటి పాలతో. అలా రోజుకు నాలుగు కప్పులవుతాయి.

నిన్న వచ్చిన నివేదికలో మొత్తం కొలెస్ట్రాల్ 242, హెచ్‌డీఎల్ 38, ట్రైగ్లిజరైడ్లు 230, ఎల్‌డీఎల్ మళ్లీ అదే 158. హిమోగ్లోబిన్ 11.1కి దిగింది. ఇంత నోరు కట్టుకున్నా ఇలా ఎందుకయిందో, కొలెస్ట్రాలుకూ రక్తహీనతకూ ఏమైనా సంబంధం ఉందో తెలిసినవారు వివరించగలరా?

జవాబు: సూక్ష్మదర్శిని

నేను ల్యాబ్‌లో చాలాకాలం పనిచేసినవాణ్ణి కాబట్టి ముందు అంకెల సంగతి చెబుతాను. చాలా ల్యాబ్‌లు ఎల్‌డీఎల్‌ను నేరుగా కొలవవు, లెక్క కట్టి రాస్తాయి. 1972లో ఫ్రీడ్‌వాల్డ్, ఆయన సహచరులు ఇచ్చిన సూత్రం ప్రకారం మొత్తం కొలెస్ట్రాల్ నుంచి హెచ్‌డీఎల్‌నూ, ట్రైగ్లిజరైడ్లలో అయిదో వంతునూ తీసేస్తే మిగిలేది ఎల్‌డీఎల్. మీ మొదటి నివేదికలో 232 నుంచి 42, 32 తీసేస్తే 158. రెండోదానిలో 242 నుంచి 38, 46 తీసేస్తే మళ్లీ 158. అంటే మీ మొత్తం కొలెస్ట్రాల్ పెరిగిన 10 పాయింట్లలో ఎల్‌డీఎల్ వాటా సున్నా. ట్రైగ్లిజరైడ్లను మోసుకు తిరిగే వీఎల్‌డీఎల్ రేణువులలోని కొలెస్ట్రాల్ (ఆ అయిదో వంతే దీని అంచనా) 32 నుంచి 46కి, అంటే 14 పెరిగింది, హెచ్‌డీఎల్ 4 తగ్గింది. రెండు నివేదికలనూ పక్కపక్కన పెట్టి మొత్తం అంకె ఒక్కటే చూసుకుంటే ఈ విషయం కనబడదు.

ట్రైగ్లిజరైడ్లు 400 దాటితే ఈ సూత్రం పనికిరాదు, అప్పుడు నేరుగా కొలిపించుకోవాలి. మీది అంత దూరం పోలేదు. ముందురోజు రాత్రి విందు భోజనం చేసినా, మద్యం తీసుకున్నా ట్రైగ్లిజరైడ్లు ఎగబాకుతాయి. జ్వరం వంటి జబ్బు చేసి లేచిన కొత్తలో ఎల్‌డీఎల్ ఉన్నదానికంటే తక్కువగా చూపిస్తుంది. అందుచేత తర్వాతి పరీక్షను ఆరోగ్యంగా ఉన్న రోజుల్లో, అదే ల్యాబ్‌లో, పది పన్నెండు గంటలు ఏమీ తినకుండా (మంచినీళ్లు తాగవచ్చు) చేయించుకోండి.

జవాబు: నిదానం

సాయంకాలం గారూ, పోషకాహార సలహా నా వృత్తి. మీరు శ్రద్ధ పెట్టలేదని ఎవరూ అనలేరు, కాకపోతే ఆ శ్రద్ధ పడవలసిన చోట పడలేదు.

రక్తంలో తిరిగే కొలెస్ట్రాల్‌లో ఎక్కువ భాగం కంచంలోంచి వచ్చేది కాదు, శరీరం తయారుచేసుకునేదే. ఎల్‌డీఎల్ రేణువులను రక్తంలోంచి లాగేసుకునే గ్రాహకాలు ప్రధానంగా కాలేయ కణాల మీద ఉంటాయి. ఈ గ్రాహకాల గుట్టు విప్పినందుకే మైఖేల్ బ్రౌన్, జోసెఫ్ గోల్డ్‌స్టీన్‌లకు 1985లో నోబెల్ బహుమతి వచ్చింది. సంతృప్త కొవ్వు (వెన్న, నెయ్యి, పాల మీగడలో ఎక్కువగా ఉండే రకం) ఎక్కువగా తింటే ఈ గ్రాహకాల పని మందగించి ఎల్‌డీఎల్ రక్తంలోనే ఉండిపోతుంది. అందుచేత ఎల్‌డీఎల్ విషయంలో మొదట అడగవలసింది ఎంత కొలెస్ట్రాల్ తింటున్నామని కాదు, ఎంత సంతృప్త కొవ్వు తింటున్నామని.

ఇప్పుడు మీ టీ కప్పు చూద్దాం. చిక్కటి పాలతో నాలుగు కప్పులంటే, కప్పుకు 150 మిల్లీలీటర్ల చొప్పున రోజుకు 600 మిల్లీలీటర్ల పాలు. వెన్న తీయని పాలలో ప్రతి 100 మిల్లీలీటర్లకు సుమారు 2 గ్రాముల సంతృప్త కొవ్వు ఉంటుంది కాబట్టి మొత్తం 12 గ్రాములు. ఒక గుడ్డులో ఉండేది దాదాపు 1.6 గ్రాములు. మీరు గుడ్డు మానేశారు గానీ, సంతృప్త కొవ్వు లెక్కన రోజూ ఏడు గుడ్లకు సమానమైనది టీతో తాగుతూనే ఉన్నారు. రోజుకు 1,800 క్యాలరీలు తినేవారికి, సంతృప్త కొవ్వు పది శాతం మించకూడదన్న ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన ప్రకారం హద్దు 20 గ్రాములు. ఎల్‌డీఎల్ తగ్గించుకోవలసినవారు అంతకంటే బాగా కింద ఉండాలి.

మరో పక్క, ఎల్‌డీఎల్‌ను తగ్గించే అసంతృప్త కొవ్వులను, అంటే నూనెనూ వాల్‌నట్లనూ, మీరే బయటికి పంపేశారు. ఆ ఖాళీలోకి తెల్ల బ్రెడ్డు, జామ్, పండ్లరసం, బిస్కెట్లు వచ్చి కూర్చున్నాయి. ‘కొవ్వు లేనివి’ అన్న బిస్కెట్లలో రుచి కోసం సాధారణంగా పంచదార ఎక్కువ వేస్తారు. ఆ అట్టనే వెనక్కి తిప్పి చదివితే తెలుస్తుంది. అవసరానికి మించి వచ్చిన చక్కెరను కాలేయం కొవ్వుగా మార్చి వీఎల్‌డీఎల్ రూపంలో రక్తంలోకి వదులుతుంది. ఆ రేణువులు పెరిగినప్పుడు హెచ్‌డీఎల్ తన కొలెస్ట్రాల్‌ను వాటికి ఇచ్చి ట్రైగ్లిజరైడ్లను పుచ్చుకుంటుంది, అలా మారిన హెచ్‌డీఎల్ త్వరగా అరిగిపోతుంది. మీ 230, 38 రెండూ ఒకే కథలోవి.

మార్చుకోవలసింది ఏమిటంటే, పాలు వెన్న తీసినవి వాడండి. నూనె మానవద్దు, కొలిచి వాడండి. రసం బదులు పండే తినండి. ఉదయం బ్రెడ్డు స్థానంలో ఓట్స్ గానీ బార్లీ గానీ పెట్టుకుని, రోజులో ఒక పూటైనా బీన్స్, శనగల వంటివి కప్పుడు తినండి. వీటిలోని కరిగే పీచు పేగులో జిగురుగా మారి పైత్యరసాన్ని పట్టుకుని బయటికి తీసుకుపోతుంది; కాలేయం కొత్త పైత్యరసం తయారుచేసుకోవడానికి రక్తంలోంచి కొలెస్ట్రాల్‌ను లాక్కుంటుంది. ఓట్స్‌లోని బీటా గ్లూకాన్ అనే కరిగే పీచు రోజుకు 3 గ్రాములు అందితే ఎల్‌డీఎల్ కొంత తగ్గుతుందని గట్టి ఆధారాలున్నాయి. పొడి ఓట్స్ 75 గ్రాములు తింటే ఆ మోతాదు ఇంచుమించుగా అందుతుంది. ఇక గుడ్డు సంగతంటారా, వారానికి మూడు నాలుగు తిన్నంత మాత్రాన మీ 158కి అది కారణమని నేను అనుకోను.

జవాబు: కండబలం

కొవ్వు మీద ఇంత భయం దేనికో నాకు అర్థం కాదు. నేను ఏడాదిగా పిండిపదార్థాలు దాదాపు మానేసి వెన్న, మాంసం, చీజ్ తింటున్నాను. తొమ్మిది కిలోలు తగ్గాను, ట్రైగ్లిజరైడ్లు 70కి వచ్చాయి, హెచ్‌డీఎల్ 61. ఎల్‌డీఎల్ 212 ఉన్నమాట నిజమే గానీ, మిగతావన్నీ బాగున్నప్పుడు దాన్ని పట్టించుకోనవసరం లేదని చదివాను.

జవాబు: నిదానం

బరువు తగ్గడమూ, ట్రైగ్లిజరైడ్లు దిగడమూ మంచివే, వాటిని నేను కాదనను. కానీ 212ను పక్కన పెట్టమన్నవారి మాట మాత్రం వినవద్దు. పుట్టుకతోనే గ్రాహకాల లోపం ఉన్న కుటుంబాలలో, ఇతర ప్రమాదాలేవీ లేకపోయినా, కేవలం ఎక్కువ ఎల్‌డీఎల్ వల్ల చిన్న వయసులోనే గుండెపోట్లు రావడం వైద్యులు తరతరాలుగా చూస్తున్నదే. ఎల్‌డీఎల్ 190 దాటితే ఆ వంశపారంపర్య లోపం ఉందేమో చూడడం వైద్యంలో మామూలు పద్ధతి. మీ ఆహార పద్ధతి మానకుండానే వెన్న, చీజ్ తగ్గించి వాటి చోట ఆలివ్ నూనె, చేపలు, గింజలు పెట్టి రెండు నెలల తర్వాత మళ్లీ కొలిపించుకోండి. అప్పటికీ దిగకపోతే వైద్యుణ్ణి కలవండి.

జవాబు: ఎర్రకణం

అందరూ కొలెస్ట్రాల్ దగ్గరే ఆగిపోయారు, నన్ను కలవరపెట్టింది మాత్రం 11.1. గర్భవతి కాని వయోజన స్త్రీకి హిమోగ్లోబిన్ 12 కంటే తగ్గితే రక్తహీనతగానే లెక్క. నాకూ ఇదే జరిగింది కాబట్టి కొంచెం వివరంగా రాస్తున్నాను.

మొక్కల నుంచి వచ్చే ఇనుము పేగులో కష్టంగా ఒంటబడుతుంది. భోజనంతోనో, వెంటనే తర్వాతో తాగే టీ, కాఫీలలోని పాలీఫినాల్స్ ఆ ఇనుమును పట్టుకుని వదలవు, అందులోని పాల క్యాల్షియం కూడా కొంత అడ్డుపడుతుంది. మీరు చేయి కడుక్కోగానే టీ తాగుతున్నారు, అదీ నాలుగుసార్లు! టీ మానమనడం లేదు. తిన్న తర్వాత గంటా గంటన్నర ఆగి తాగండి. దాని బదులు భోజనంతో నిమ్మరసం పిండుకున్నా, కమలాపండు తిన్నా విటమిన్ సి వల్ల అదే ఇనుము మరింతగా ఒంటబడుతుంది.

అయితే 44 ఏళ్ల స్త్రీకి రక్తం తగ్గినప్పుడు కంచం కంటే ముందు నెలసరి గురించి అడగాలి. రక్తస్రావం ఎక్కువగా ఉందా, ఎన్ని రోజులు ఉంటోంది అన్నది వైద్యురాలికి దాచకుండా చెప్పండి. ఫెరిటిన్ పరీక్ష చేయిస్తే ఇనుము నిల్వలు తెలుస్తాయి. నివేదికలో ఎంసీవీ అన్న అంకె చూడండి: ఎర్రకణాలు చిన్నవిగా ఉంటే ఇనుము లోపం వైపు, పెద్దవిగా ఉంటే బీ12 లేదా ఫోలేట్ లోపం వైపు అది వేలు చూపిస్తుంది.

మీరడిగిన సంబంధం విషయానికొస్తే, ఒక చోట రెండూ కలుస్తాయి. థైరాయిడ్ మందగిస్తే కాలేయం మీది గ్రాహకాలు తగ్గి ఎల్‌డీఎల్ పెరుగుతుంది, నెలసరిలో రక్తస్రావమూ ఎక్కువవుతుంది. అందుకని టీఎస్‌హెచ్ పరీక్ష తప్పక చేయించండి. ఇంకొక మాట, ఇనుము లోపం ఉన్నప్పుడు హెచ్‌బీఏ1సీ (గత రెండు మూడు నెలల సగటు చక్కెరను చూపే పరీక్ష) ఉన్నదానికంటే కొంచెం ఎక్కువగా చూపించవచ్చు. ఆ అంకె చూసి మధుమేహం వచ్చిందని కంగారు పడకండి.

జవాబు: నడకమనిషి

నడక గురించి ఎవరూ రాయలేదు కనుక ఈ రెండు ముక్కలు. వారానికి 150 నిమిషాల చురుకైన నడక ట్రైగ్లిజరైడ్లను బాగా దించుతుంది, హెచ్‌డీఎల్‌ను కొద్దిగా పెంచుతుంది, ఎల్‌డీఎల్ మీద మాత్రం దాని ప్రభావం స్వల్పమే. నేను నాలుగేళ్లు ఎల్‌డీఎల్ కోసమే నడిచి, అది దిగక ప్రతి నివేదికకూ విసుక్కున్నాను. ఈ ముక్క ముందే తెలిసి ఉంటే ఆ విసుగు తప్పేది.

సాయంకాలం (పదమూడు వారాల తర్వాత)

అందరికీ కృతజ్ఞతలు. ముందుగా, టీఎస్‌హెచ్ 3.1 వచ్చింది, థైరాయిడ్ బాగానే ఉంది. ఫెరిటిన్ 8, ఎంసీవీ 72, రెండూ తక్కువే, అంటే ఇనుము లోపమే. ఎర్రకణం గారు అడిగిన ప్రశ్నే వైద్యురాలూ అడిగారు. ఎనిమిది రోజుల నెలసరి ఈ వయసులో మామూలేనని నేను ఎవరికీ చెప్పలేదు. స్కానింగ్‌లో గర్భాశయంలో ఫైబ్రాయిడ్ (క్యాన్సర్ కాని గడ్డ) కనిపించింది, దానికి వైద్యం వేరుగా జరుగుతోంది. ఇనుము మాత్ర ఖాళీ కడుపున వేసుకుంటున్నాను.

ఉదయం ఓట్స్, వెన్న తీసిన పాలు, గుప్పెడు వాల్‌నట్లు, కొలిచి పోసుకునే నూనె, వారానికి మూడు గుడ్లు, వారంలో అయిదు రోజులు అరగంట నడక. పండ్లరసం మానేశాను. నిన్నటి అంకెలు: మొత్తం 213, హెచ్‌డీఎల్ 41, ట్రైగ్లిజరైడ్లు 145. సూక్ష్మదర్శిని గారు చెప్పినట్టు నేనే కాగితం మీద లెక్క వేసుకున్నాను: 213 నుంచి 41, 29 తీసేస్తే 143, నివేదికలోనూ అంతే ఉంది. హిమోగ్లోబిన్ 12.6. ఎల్‌డీఎల్ ఇంకా దిగాలని వైద్యురాలు అన్నారు గానీ, మందు మాట ఆరు నెలల తర్వాత చూద్దామన్నారు. హిమోగ్లోబిన్ 12 దాటింది కదా, ఇనుము మాత్ర ఇక ఆపేయవచ్చా?

జవాబు: ఎర్రకణం

ఇప్పుడే ఆపకండి. హిమోగ్లోబిన్ నిండిన తర్వాతే ఒళ్లు నిల్వలు కూడబెట్టుకోవడం మొదలుపెడుతుంది, అందుకు సాధారణంగా మరో మూడు నెలలు వాడమంటారు. ఫెరిటిన్ మళ్లీ చూపించుకుని, మీ వైద్యురాలు చెప్పినప్పుడే ఆపండి. ఇంతకీ టీ తిన్న వెంటనే తాగడం మానారా లేదా, ఆ సంగతి రాయనేలేదు!

సాయంకాలం

మూడు పూటలా గంటంబావు ఆగుతున్నాను. ఉదయం కప్పు మాత్రం ఓట్స్ కంటే గంట ముందుకు జరిగింది, అది లేనిదే నాకు తెల్లవారదు. ఆ టీ ఇనుము మాత్రకు అడ్డుపడకుండా, మాత్రను మధ్యాహ్న భోజనానికి గంట ముందు వేసుకుంటున్నాను.