ఇసుకరాయిలో యురేనియం: ఆమ్లం పెంచితే సరిపోతుందా?

సిరొంచ యువకుడు: తవ్వకుండా బోర్లలోంచి ద్రావణం దింపి, యురేనియాన్ని లోపలే కరిగించి పైకి తోడే పద్ధతి ఉంది కదా. ఆమ్లం మోతాదు పెంచితే దిగుబడి అదే పెరుగుతుందని మొన్న ఇక్కడ ఒకరు రాశారు. ఇలా ఆమ్లంతోనే ప్రపంచ యురేనియంలో దాదాపు 40 శాతం ఇచ్చే కజకిస్థాన్‌ను ఉదాహరణగా చూపించారు. నేను ఒప్పుకోను. మా తాలూకాలో చాలా మేర ప్రాణహిత–గోదావరి ఇసుకరాయే. ఇక్కడ యురేనియం ఉందనడం లేదు. కానీ అలాంటి రాతి నీళ్లే తాగేవాళ్లం, అడగాలి కదా?

బల్లార్షా కెమిస్ట్రీ: అడుగు తమ్ముడూ, కానీ పద్ధతినే కొట్టిపారేయకు. గని తవ్వక్కర్లేదు, రాతిపొడి గుట్టలు మిగలవు. మోతాదు సంగతిలో మాత్రం నీతో ఏకీభవిస్తాను. ఖనిజంలో యురేనియం ఎక్కువగా నాలుగో ఆక్సీకరణ స్థితిలో (అంటే అణువు నాలుగు ఎలక్ట్రాన్లు కోల్పోయినట్టు లెక్క) ఉంటుంది, అది దాదాపు కరగదు. ఆరో స్థితికి మార్చాలంటే ఆక్సిజన్ లాంటిది కావాలి. రాతిలో పైరైట్ (ఇనుము, గంధకం కలిసిన ఖనిజం) ఉంటే ఆ ఆక్సిజన్‌ను ముందు అదే తినేస్తుంది. ఇక సున్నపు పాళ్లు ఎక్కువున్న రాయిలో సల్ఫ్యూరిక్ ఆమ్లం పోస్తే సగం సున్నానికే ఖర్చవుతుంది. పైగా జిప్సం పేరుకుని రాతి సందులు పూడిపోతాయి. ఇంకా పోస్తే ఇంకా పూడతాయి! అందుకే అలాంటి చోట్ల అమెరికాలో బైకార్బొనేట్ (వంటసోడా జాతి లవణం), ఆక్సిజన్ వాడతారు. కజకిస్థాన్ కూడా ఆమ్లం కొరతతో 2024 ఉత్పత్తి అంచనా తగ్గించుకుంది. తక్కువ రసాయనంతో ఎక్కువ కరిగించడమే అసలైన మెరుగుదల.

పర్లాకిమిడి టీచరమ్మ: కరిగించడం వరకు మీరు చెప్పింది నిజమే అన్నగారూ. ఆ తర్వాత నీళ్ల గతేమిటి? చెక్ దేశంలోని స్త్రాజ్‌లో 1996 దాకా సుమారు 40 లక్షల టన్నుల సల్ఫ్యూరిక్ ఆమ్లం భూమిలోకి పంపారు. ఆ నీటిని శుభ్రం చేయడం దశాబ్దాల పని అయింది. బైకార్బొనేట్‌తో భయం లేదనీ అనుకోవద్దు. టెక్సాస్‌లో వాడింది అదే. తోడటం అయ్యాక నీటిని మొదటి స్థితికి తేలేక, పరిమితులే సడలించిన చోట్లున్నాయి. తాగునీటిలో యురేనియం లీటరుకు 30 మైక్రోగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. పిల్లలు తాగే నీళ్లండీ.

బల్లార్షా కెమిస్ట్రీ: దింపినదానికన్నా కొంచెం ఎక్కువ తోడుతూ ఉంటే ద్రావణం బయటికి పాకదమ్మా, లోపలికే లాగుతుంది.

పర్లాకిమిడి టీచరమ్మ: పంపులు నడిచినంత కాలం. ఆపేశాక?

సిరొంచ యువకుడు: నా పట్టు అక్కడే. ఆరో స్థితికి మార్చిన యురేనియాన్ని తిరిగి కరగని స్థితికి తెచ్చే రసాయనం కూడా ముందే తేలాలి. ఎక్కడ చేయాలనుకుంటే అక్కడి బోరు నుంచి తీసిన రాతిముక్క మీదే కరిగించి, మళ్లీ గట్టిపరిచి, నీళ్లు కొలిచి చూపించాలి. చుట్టుపక్కల ఊళ్ల బావుల లెక్కలు అంతకుముందే పంచాయతీ గోడ మీద ఉండాలి.