అప్‌డేట్: నాన్న ట్రైగ్లిజరైడ్లు 780, కారణం దొరికింది

నాన్నకు నల్గొండలో చేయించిన లిపిడ్ ప్రొఫైల్‌లో (రక్తంల కొవ్వుల పరీక్ష) ట్రైగ్లిజరైడ్లు అనే కొవ్వు 780 వచ్చి, ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్) దగ్గర ఖాళీ ఉందని, ఎందుకని అడిగిన కదా, దాని ముగింపు ఇది. సలహాలిచ్చినోళ్లందరికీ థ్యాంక్స్.

"ముందు షుగర్, థైరాయిడ్ చూపించండి" అన్న మాటే పనికొచ్చింది. థైరాయిడ్ పరీక్ష టీఎస్‌హెచ్ నార్మల్. హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్) మాత్రం 9.4, అంటే బాగా ఎక్కువ, అప్పటిదాకా షుగర్ ఉన్నట్టే తెల్వదు. ఇన్సులిన్ సరిగ్గా పనిచేయకపోతే కాలేయం ట్రైగ్లిజరైడ్లు ఎక్కువ తయారు చేస్తుంది, రక్తంలోంచి వాటిని తీసేసే ఎంజైమూ మందగిస్తుంది. దానికి రోజూ సాయంత్రం కల్లు తోడైంది.

500 దాటితే డాక్టర్లు ముందు చూసేది పాంక్రియాస్ (క్లోమం) వాపు ముప్పు. 1000 దాటితే అది ఇంకా ఎక్కువ. పైకడుపులో మొదలై వీపులోకి పాకే నొప్పి, వాంతులు వస్తే గ్యాస్ గోలీ వేసుకొని తెల్లారేదాకా ఆగొద్దు, ఎమర్జెన్సీకి పోవాలె.

ఎల్‌డీఎల్ ఖాళీ ల్యాబ్ తప్పు కాదు. మామూలుగా దాన్ని లెక్కగట్టే ఫార్ములా ట్రైగ్లిజరైడ్లు 400 దాటితే పనిచేయదు. డైరెక్ట్ ఎల్‌డీఎల్ అని అడిగి చేయించాలె.

షుగర్‌కు మెట్‌ఫార్మిన్, కిడ్నీ పరీక్ష క్రియాటినిన్ చూసి ట్రైగ్లిజరైడ్లకు ఫెనోఫైబ్రేట్ రాసిండ్రు. కల్లు బంద్, చాయ్‌ల చక్కెర బంద్, నూనె తక్కువ. రాత్రి అన్నం బదులు రెండు జొన్న రొట్టెలు, లెక్కపెట్టి, జొన్నదీ పిండిపదార్థమే. ఇప్పుడు ట్రైగ్లిజరైడ్లు 190. గుడ్డు మానుడు, పరగడుపున ఎల్లిపాయ, ఈ రెంటితో ట్రైగ్లిజరైడ్లు తగ్గుడుకు సంబంధం లేదన్నరు. స్టాటిన్ (కొలెస్ట్రాల్ మందు) సంగతి వచ్చే రిపోర్టు చూసి చెప్తరట.