62మాస్ తరహా వాచీ చేసుకుంటున్నా, డయల్ కాళ్ళు కోసేయనా?

స్ప్రింగ్‌బార్_శీను
అందరికీ నమస్కారం. 1965 నాటి సీకో డైవర్ (నీళ్ళలో దిగేవాళ్ళ వాచీ) 62మాస్ ఒరిజినల్ కొనే స్తోమత ఈ జన్మకి లేదు. అందుకని అదే ఆకారంలో ఉన్న కేసు తెప్పించుకుని ఎన్‌హెచ్35 అనే సీకో మిషన్ వేసుకుంటున్నా. నాలుగు సందేహాలు. ఒకటి, నా దగ్గరున్నది సీకో ఎస్‌కేఎక్స్007కి సరిపోయే డయల్, అంటే కీ (పక్కన తిప్పే పిడి) నాలుగు అంకె దగ్గర ఉండే వాచీది. నా కేసుకి కీ మూడు దగ్గర ఉంది. డయల్ వెనక మిషన్‌లోకి దిగే కాళ్ళు (చిన్న పుల్లలు) కుదరట్లేదు, కోసేయనా? రెండు, ముళ్ళు ఏ సైజువి కొనాలి? మూడు, అద్దం సఫైర్ వేయాలా, ప్లాస్టిక్‌దా? నాలుగు, రేడియం పాతబడిన రంగు రావాలంటే ఏం చేయాలి?

గుంటూరు_గేర్
కోసెయ్ బ్రో, ఆలోచించకు. ఫ్లష్ కట్టర్‌తో కోసి, కింద రెండు డయల్ డాట్స్ (రెండువైపులా జిగురుండే చుక్కలు) అంటించి కూర్చోబెట్టు. ఇప్పటికి ఆరు వాచీలు ఇలాగే చేశా, ఒక్కటీ కదల్లేదు.

లూపు_మాస్టారు
ఇలాంటి సలహాలు చూస్తే ఒళ్ళు మండుతుంది. 1994 నుంచి బెంచి మీద కూర్చుంటున్నా. డయల్‌కి కాళ్ళు ఎందుకు పెట్టారు? అలంకారానికా? మన ఎండలకి జిగురు మెత్తబడి డయల్ ఒక వెంట్రుకంత జరిగితే చాలు, తేదీ కిటికీలో అంకె వంకరగా కనిపిస్తుంది. ముళ్ళ గొట్టం డయల్ చిల్లుకి రాసుకుని వాచీ ఆగిపోతుంది. అప్పుడు మళ్ళీ మా దగ్గరకే వస్తారు.

గుంటూరు_గేర్
మాస్టారూ, మా ఊళ్ళోనూ ఎండలే కాస్తాయి. ఏప్రిల్‌లో బైక్ మీద పెట్టుకుని తిరిగిన వాచీలే అవి. మీరు వాడింది ఫెవిక్విక్ అయ్యుంటుంది, నేను చెప్పింది డయల్ డాట్స్.

లూపు_మాస్టారు
ఫెవిక్విక్ వాడేవాడినా నేను? మాట జాగ్రత్త. దాని ఆవిరికి డయల్ తెల్లగా పొగబారిపోతుందని నీకంటే ముందే తెలుసు.

వైజాగ్_వైండర్
ఇద్దరూ ఆగండి. శీనుగారూ, ముందు ఆ డయల్ ఎలాంటిదో చూసుకోండి. ఎస్‌కేఎక్స్ తయారీ 2019లో ఆగిపోయింది. కంపెనీ డయలైతే కాళ్ళు కోసిన క్షణంలో దాని ధర పడిపోతుంది, అలాగే అమ్మేసి కీ మూడుకి సరిపోయేది కొనుక్కోండి. బయట చేసిన మాడ్ డయలైతే వెనక్కి తిప్పండి. చాలావాటికి నాలుగు కాళ్ళుంటాయి. ఒక జత కీ మూడు దగ్గరున్న వాచీకి, ఇంకో జత కీ నాలుగు దగ్గరున్నదానికి. అక్కర్లేని జత కోస్తే చాలు, జిగురుతో పనే లేదు. ఈ ప్రశ్న ఎవరూ అడగకుండానే యుద్ధం మొదలెట్టారు.

ఇంకో మాట. కోసేటప్పుడు కాలుని పట్టి మెలిపెట్టొద్దు. పైన డయల్ మీద చిన్న గుంట పడుతుంది. నాకు పడింది. సరిగ్గా 12 పక్కన. కొంచెం మొద్దు వదిలి కోసి, తర్వాత ఆకురాయితో అరగదీయండి.

డల్లాస్_బాబు
రేడియం మాట వచ్చింది కాబట్టి చెప్తున్నా. మనవాళ్ళు చీకట్లో మెరిసేదల్లా రేడియం అంటారు. ఇప్పుడు వేసేది స్ట్రాన్షియం పొడి, దాంతో భయం లేదు. అసలు రేడియం 1960ల దాకా వాడారు, తర్వాత ట్రిటియం వచ్చింది. ట్రిటియం 12 ఏళ్ళకి సగమవుతుంది కాబట్టి ఆ వాచీలు ఇప్పుడు మెరవవు. రేడియం సగమవడానికి 1600 ఏళ్ళు. మెరుపు పోయినా విషం పోదు. ఎర్రగడ్డ ఆదివారం సంతలో దొరికిన 1950ల డయల్‌ని గోకి మళ్ళీ రంగేద్దాం అనుకోకండి, ఆ ధూళి పీల్చకూడదు.

కాఫీడయల్
పాత రంగు కోసం నేను ఫిల్టర్ కాఫీ పూశాను. నవ్వకండి. చుక్కల చుట్టూ మరకలు పడి, డయల్ మా ఇంటి పాలగిన్నెలా తయారైంది. ముందే లేత గోధుమరంగు కలిపిన లూమ్ (చీకట్లో మెరిసే) పొడి అమ్ముతారు, అది కొనుక్కుంటే పోయేది. ముళ్ళకీ డయల్‌కీ ఒకే డబ్బాలోది వేయండి, లేకపోతే రెండు రంగులొస్తాయి.

స్ప్రింగ్‌బార్_శీను
థాంక్స్ అందరికీ. డయల్ తిప్పి చూశా, నాలుగు కాళ్ళే ఉన్నాయి! 🙏 డయల్ మీద పేరేమీ లేదు, బోసిగా ఉంది. 1953లో మొదలైన ఆ పెద్ద స్విస్ డైవర్ పేరు ప్రింట్ చేయిస్తే ఎలా ఉంటుంది? నా చేతికే కదా.

వైజాగ్_వైండర్
వద్దు. ఆకారం పోలి ఉంటే హోమేజ్ అంటారు, పేరు వేస్తే దొంగ సరుకే. 1999 ట్రేడ్‌మార్క్స్ చట్టం 103వ సెక్షన్ కింద తక్కువలో తక్కువ 6 నెలలు, ఎక్కువలో ఎక్కువ 3 ఏళ్ళు జైలు. పైగా కేసు సీకోలా, మిషన్ సీకోది, పేరు స్విస్‌దా?

గుంటూరు_గేర్
ఇంట్లో పెట్టుకునేదానికి పోలీసులొస్తారా అన్నా, మరీ టెన్షన్ పెడుతున్నావు.

వైజాగ్_వైండర్
నువ్వు పెట్టుకుంటావు. రేపు మీ బావమరిదికిస్తావు. వాడు అమ్ముతాడు. కొన్నవాడు ఇక్కడికొచ్చి "ఇది ఒరిజినలేనా" అని ఫోటో పెడతాడు. వారానికి నాలుగు చూస్తున్నాం.

తాతగారి_హెచ్ఎంటీ
అసలు ఈ చైనా కేసుల గోల ఎందుకో నాకర్థం కాదు. స్పోర్ట్స్ లుక్ కావాలంటే హెచ్ఎంటీ పైలట్ లేదా? నల్ల డయల్, 17 జ్యువెల్స్, చేత్తో కీ ఇచ్చే 0231 మిషన్. 1961లో సిటిజన్ సాయంతో బెంగళూరులో మొదలెట్టిన వాచీల ఫ్యాక్టరీ వాళ్ళది. మా తాతగారిది ఇప్పటికీ రోజుకి పది సెకన్లలోపే తేడా.

కాఫీడయల్
ఆన్‌లైన్‌లో కనిపించే పైలట్లలో సగానికి డయల్ మళ్ళీ రంగేసినవే సార్. ఎర్ర సెకన్ల ముల్లు, నీలం డయల్, ఆకుపచ్చ డయల్... కొత్త నాణెంలా మెరిసిపోతుంటే అనుమానించాలి.

తాతగారి_హెచ్ఎంటీ
మాది బిల్లుతో సహా ఉందమ్మా. 1978.

డల్లాస్_బాబు
ఎన్‌హెచ్35కి రోజుకి మైనస్ 20 నుంచి ప్లస్ 40 సెకన్ల దాకా కంపెనీయే ఒప్పుకుంటుంది. పది సెకన్ల హెచ్ఎంటీ అంటే ముచ్చటేస్తోంది.

కడప_క్రౌన్
ముళ్ళ సంగతి ఎవరూ చెప్పలేదు, నేను దెబ్బతిన్నాను కాబట్టి రాస్తున్నా. ఎన్‌హెచ్35కి గంటలది 1.50, నిమిషాలది 0.90, సెకన్లది 0.20 మి.మీ. నేను ఈటీఏ 2824 అనే స్విస్ మిషన్ ముళ్ళ సెట్టు కొన్నా. మొదటి రెండూ అవే కొలతలు, చక్కగా కూర్చున్నాయి. సెకన్లది మాత్రం 0.25. నొక్కాను, నిలబడింది. మూడో రోజు బస్సులో చూసుకుంటే అద్దం కింద అడ్డంగా పడి ఉంది.

ఇంకొకటి, అద్దం బిగించి వెనక మూత తిప్పేసి నీళ్ళలో దిగకండి. గాస్కెట్‌కి (మూత కింది రబ్బరు రింగుకి) సిలికాన్ గ్రీజు రాయకుండా భీమిలి బీచ్‌లో దిగాను. బయటికొచ్చేసరికి అద్దం లోపల మంచు. వాచీని కాస్త వెచ్చబెట్టి అద్దం మీద చల్లటి నీటి చుక్క వేస్తే, లోపల తేమ ఉంటే అక్కడే ఆవిరి కడుతుంది. దిగేముందు పరీక్షకి మాత్రం ప్రెషర్ టెస్టర్ ఉన్న షాపుకెళ్ళాల్సిందే.

లూపు_మాస్టారు
ఇదీ అనుభవం అంటే. ఆరు వాచీలు చేసినవాళ్ళు చదవాలి.

గుంటూరు_గేర్
ఏడు. నిన్న ఇంకొకటి పూర్తయింది. డాట్స్ మీదే.

స్ప్రింగ్‌బార్_శీను
అక్కర్లేని రెండు కాళ్ళు కోశాను, డయల్ కూర్చుంది. తేదీ కిటికీ మధ్యలోకే వచ్చింది. అద్దం సంగతి ఎవరైనా...?

కాఫీడయల్
తాతగారి సార్, ఆ 1978 పైలట్ ఫోటో ఒకటి పెడతారా? అమ్మే ఉద్దేశం ఉంటే మెసేజ్ చేయండి.

తాతగారి_హెచ్ఎంటీ
ఫోటో పెడతాను. అమ్మను.