గంటలో పళ్లు తెల్లబరుస్తామంటున్నారు, ఫ్లోరైడ్ మచ్చలు పోతాయా?

కనిగిరి పిల్ల:
మాది కనిగిరి పక్క పల్లె. పదో తరగతి దాకా బోరు నీళ్లే తాగాం. ముందు పళ్లు రెండింటి మీదా బెల్లం పాకం చిందినట్టు గోధుమ రంగు మచ్చలు. ఇప్పుడు బెంగళూరు మారతహళ్లిలో పీజీ హాస్టల్‌లో ఉంటున్నా. నవ్వొస్తే చెయ్యి అడ్డం పెట్టుకోవడం అలవాటైపోయింది.

ఇక్కడొక క్లినిక్‌లో గంటలో తెల్లగా చేస్తాం, 12 వేలు అన్నారు. పళ్లు చూడకుండా రిసెప్షన్‌లోనే రేటు చెప్పేశారు! అంతకుముందు ఆన్‌లైన్‌లో బొగ్గు పొడి కొని నెల రోజులు తోమా. మచ్చ కదల్లేదు గానీ చల్లటి నీళ్లు తాగితే జివ్వుమంటోంది. ఇంట్లో చేసుకునేదేమైనా పనికొస్తుందా?

జయనగర్ డెంటిస్ట్:
ముందు ఆ పొడి అవతల పారేయండమ్మా. పంటి పైపొర ఎనామెల్‌ను గీకడం తప్ప దానివల్ల ఒరిగేదేమీ లేదు. నిమ్మకాయ కూడా వద్దు.

గార అయితే క్లీనింగ్‌తో పోతుంది. కాఫీ, టీ మరకలకు బ్లీచింగ్, అంటే మందుతో తెల్లబరచడం చాలు. మీది చిన్నప్పుడు ఎనామెల్ తయారయ్యేటప్పుడే వచ్చిన లోపం. మీ వైపు నీళ్లలో ఫ్లోరైడ్ సంగతి 1937లోనే, కనిగిరి నెల్లూరు జిల్లాలో ఉన్నప్పుడే బయటపడింది. ఉత్త బ్లీచింగ్ చేస్తే గోధుమ రంగు కాస్త తగ్గొచ్చు, కానీ తెల్ల మచ్చలుంటే మొదట్లో ఇంకా కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. మైక్రోఅబ్రేషన్ అని పైపొరను సన్నగా అరగదీసి, తర్వాత బ్లీచింగ్ చేస్తారు. అది డాక్టరే చేయాలి.

ఇంట్లో అంటే మీ పళ్ల అచ్చు తీసి ట్రే చేసిస్తారు. అందులో 10 శాతం కార్బమైడ్ పెరాక్సైడ్ అనే తెల్లబరిచే జెల్ వేసి రాత్రిపూట పెట్టుకోవాలి. క్లినిక్‌లో గంటకు వాడేది చాలా గాఢమైనది, జివ్వుమనే పళ్లకు ఇప్పుడే వద్దు. ముందు ఆ జివ్వుమనడం తగ్గడానికి పొటాషియం నైట్రేట్ ఉన్న పేస్ట్ వాడండి. విక్టోరియా ఆసుపత్రి దగ్గర ప్రభుత్వ డెంటల్ కాలేజీలో ఒకసారి చూపించుకోండి.

ఫిల్టర్ కాఫీ బాధితుడు:
అక్కా, నేను ట్రే వాడా. పంటికి చిన్న చుక్క చాలన్నారు, నేను తొందరపడి నింపేశా. తెల్లారేసరికి చిగుళ్లు నానిన అప్పడంలా తెల్లబడి ఒకటే మంట. రెండు రోజులు ఆపాక తగ్గింది. తర్వాత రాత్రి విడిచి రాత్రి పెట్టుకున్నా. పళ్లయితే తెల్లబడ్డాయి గానీ ముందు పంటికున్న పాత ఫిల్లింగ్ పసుపుగానే ఉండిపోయింది. ఇప్పుడు అదే కనిపిస్తోంది!

కనిగిరి పిల్ల:
అయ్యో, నాకూ పైన ఒక పంటికి క్యాప్ ఉంది. దాని గురించి ఎవరూ అడగనే లేదు.

జయనగర్ డెంటిస్ట్:
క్యాప్ రంగు మారదు. ముందే చెప్పండి.

కనిగిరి పిల్ల:
థాంక్స్ అండి. ఆ క్లినిక్ వాళ్లు ఇందాకే ఫోన్ చేశారు, ఈరోజే వస్తే 9 వేలట. రానని చెప్పేశా. డెంటల్ కాలేజీకి కె.ఆర్. మార్కెట్ బస్సు ఎక్కితే సరిపోతుందా?